సహాయం అక్కర్లేని బడి

సైకిలాయన స్కూలు బోర్డు ఎన్నికల్లో గెలిచింది ఒకే ఒక్క మాట మీద. "బడి గేటుకున్న నీలం రేకు పీకించేస్తాను" అన్నాడు. అంతే. అంతకు మించి ఉపన్యాసాలు దంచడం ఆయనకు చేతకాదు. రైలు పట్టాలకు ఇవతలి పేటలో ఆయన చెయ్యి పడని సైకిలు లేదు, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడని ఇల్లు లేదు. ఆ ఒక్క మాటకే పేట పేటంతా కదిలొచ్చి ఆయనకు ఓటేసింది.

ముందు ఆ రేకు సంగతి చెప్పాలి. ఊళ్లో బడులన్నీ ఆ బోర్డు చేతి కిందే ఉంటాయి. పేటకొక సభ్యుడు, పైన ఒక అధ్యక్షురాలు, ఫైళ్లు చూడటానికి జీతం మీద ఒక విద్యాధికారి. ఇళ్ల పన్నులో కొంత, పై ప్రభుత్వం పంపేది కొంత కలిపి బోర్డు బడులకు పంచుతుంది. పట్టాలకు అవతల పెద్ద ఇళ్లు, పెద్ద పన్నులు. ఇవతల చిన్న ఇళ్లు, చిన్న పన్నులు. ఎవరి బడి కప్పు ముందు బాగుపడుతుందో, ఎవరి బడికి లెక్కల టీచరు ముందు వస్తాడో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. అయితే ఒక్క ధర్మం మాత్రం పెట్టుకున్నారు. ఏటా పెద్ద పరీక్ష పెట్టి, బడులన్నిటికీ వరస కట్టి, అట్టడుగున పడ్డ మూడు బడులకు ప్రత్యేక సహాయం అని ఒకటి ఇస్తారు. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. ఇచ్చినట్టు లోకానికి తెలియాలిగా మరి! గేటుకు నీలం రేకు కొట్టించి, దాని మీద తెల్లటి అక్షరాలతో "ప్రత్యేక సహాయం పొందుతున్న పాఠశాల" అని రాయించారు.

రాయించినవాళ్లకు అది గొప్ప. దాని కింద నుంచి రోజూ లోపలికి వెళ్లేవాళ్లకు తల కొట్టేసినట్టుండేది. అవతలి పిల్లలతో బంతాటకు వెళ్తే "సాయం పిల్లలొచ్చార్రోయ్" అని కేకలు. దుకాణంలో చిల్లర లెక్క తప్పు చెబితే "ఏ బడి నీది? సాయం బడా?" అని ఇకిలింపులు. బడి పెద్ద టీచరమ్మ ఆ రేకుకు అడ్డంగా తీగ పాకిద్దామని కుండీ పెట్టించింది. తనిఖీకి వచ్చినవాళ్లు కుండీ తీయించారు.

సైకిలాయనకు ఆ రేకు మీద పగ మనవరాలి మూలాన. పిట్ట అంటారు ఆ పిల్లని. తినేది పిట్టంత, బరువు పిట్టంత. సైకిలాయన కూతురు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో షిఫ్టుల మీద పనిచేస్తుంది కనక పిల్ల పెంపకమంతా తాతా అమ్మమ్మలదే. పిట్టకు నోరు పెద్దది, బుర్ర చురుకు, చక్రంలో ఏ పుల్ల వదులైందో చేత్తో తట్టి చెప్పగలదు. అక్షరాలు మాత్రం ససేమిరా వచ్చేవి కావు. పుస్తకం తెరిస్తే చాలు, చెమటలు పట్టి, కళ్లలో నీళ్లు తిరిగి, కడుపునొప్పి అనేది. ఈడు పిల్లలు గడగడా చదివేస్తుంటే అది వెనక బల్లలో కూర్చుని పెదాలు కదిపేది. మొద్దు అన్నారు, మొండి అన్నారు. సైకిలాయన కూడా ఒకటి రెండుసార్లు కసిరాడు. కసిరి, తర్వాత షాపులో ఒంటరిగా కూర్చుని బాధపడ్డాడు.

ఆ సహాయం కిందే అక్షరాల టీచరు వచ్చింది. ఆవిడకు ఆ పేరు పిల్లలు పెట్టిందే. చదవడం పట్టుబడని పిల్లల కోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషి. సన్నగా, ఎప్పుడూ ఒకే గోధుమరంగు స్వెట్టర్లో ఉండేది. బడిలో ఖాళీ గది లేదంటే మెట్ల కింద చీపుర్లు, బకెట్లు పెట్టుకునే గది అడిగి, తనే కడిగి, దీపం పెట్టించుకుని అందులో కూర్చుంది. నిలబడితే తల తగులుతుంది కనక అందరూ చాప మీదే. ఇసుక పోసిన పళ్లెంలో వేలితో అక్షరాలు రాయించేది. చదివేటప్పుడు ప్రతి అక్షరం కిందా వేలు పెట్టి నడిపించమనేది. తప్పు చదివితే తప్పు అనేది కాదు. "మళ్లీ ఓసారి చూద్దామా?" అనేది. ఆ మాట ఎన్నిసార్లు అనాల్సి వచ్చినా ఆ గొంతులో విసుగు వినబడలేదట. పిట్టే చెప్పింది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం పిట్ట షాపులో కాళ్లు ఊపుకుంటూ కూర్చుని, అరలో ఉన్న డబ్బా మీద వేలు పెట్టి, "ర...బ్బ...రు... రబ్బరు జి...గురు. ని...ప్పుకు దూ...రంగా ఉంచ...వలెను" అంది. అని, "తాతయ్యా, దీన్ని నిప్పుకు దూరంగా ఉంచాలట, నువ్వు పొయ్యి పక్కనే పెట్టావు" అని దెబ్బలాడింది. సైకిలాయన టైరు తెస్తానని చెప్పి వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గాలి పంపు దుమ్ము పడింది" అన్నాడు. పిట్ట నమ్మలేదు కానీ ఊరుకుంది.

మెట్ల కింద గదిలో కూర్చున్న పిల్లలందరిదీ అదే కథ. ఆ ఏటి పెద్ద పరీక్షలో వాళ్లంతా గట్టెక్కారు. వాళ్లు గట్టెక్కడంతో బడి కూడా అట్టడుగు నుంచి లేచి మధ్య వరసకొచ్చి కూర్చుంది. పేటంతా పొంగిపోయింది. సైకిలాయన బోర్డులోకి వెళ్లింది సరిగ్గా అప్పుడే.

ఇక ఆయన చేసిన ఘనకార్యం చెబుతాను. ఎవరూ అడ్డం రాకుండా, ఎవరూ మోసం చెయ్యకుండా, స్వహస్తాలతో చేసుకున్నాడు.

బోర్డుకు ఒక అలవాటుంది. హాల్లో అందరి ముందూ ఎవరూ సందేహాలు అడగరు. అడిగితే మర్యాద తప్పినట్టు. అడగాల్సినవన్నీ ముందే పక్కనున్న టీ గదిలో, కప్పులు పట్టుకుని, నవ్వుకుంటూ అడిగి తేల్చుకోవాలి. హాల్లోకి వచ్చాక చేతులెత్తడమే. తీర్మానాలన్నీ ఏకగ్రీవమని బోర్డుకు మహా గర్వం. కొత్తగా వచ్చిన సైకిలాయనకు ఈ టీ గది మర్మం ఎవరూ చెప్పలేదు. టీ అంటే టీయే అనుకుని, తను ఇంట్లో తాగొచ్చాను కదా అని ఆ గది వైపే వెళ్లలేదు.

హాల్లో తన వంతు రాగానే లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, గోళ్లలో మాత్రం ఎంత రుద్దినా పోని గ్రీజు. "మా బడి ఇప్పుడు వెనకబడిన బడి కాదండీ. మార్కులు చూశారుగా. ఆ జాబితాలోంచి మా పేరు కొట్టెయ్యండి. ఆ రేకు తీసెయ్యండి. మా పిల్లలు తలెత్తుకు తిరగాలి" అన్నాడు.

విద్యాధికారి కళ్లజోడు సవరించుకుని, "జాబితా నుంచి తొలగించమని మీరే ప్రతిపాదిస్తున్నారా? రెండేళ్ల దాకా పేరు ఉంచుకునే వీలుంది. నిబంధనలు మీ ఫైల్లో పెట్టాం" అన్నాడు.

ఉంచుకునే వీలుంది అన్న మాట దగ్గరైనా ఆగాలా వద్దా? ఉంచుకుంటే ఏమొస్తుంది, తీసేస్తే ఏం పోతుంది అని ఒక్క ప్రశ్న వెయ్యాలా వద్దా? ఆయన మనసులో రేకు వేరు, సహాయం వేరు. రేకు అవమానం, టీచరు బడి మనిషి. ఫైలు లావుగా ఉంది. ఇప్పుడు తెరిచి వెతికితే సైకిళ్ల షాపువాడికి చదవడం రాదనుకుంటారేమోనని మొహమాటం. పోనీ, వచ్చే ముందు పెద్ద టీచరమ్మతో ఒక్క మాట అన్నా ఆవిడ కాళ్లా వేళ్లా పడి ఆపేది. అనలేదు. ఆవిడను ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు మహానుభావుడు!

"నేనే ప్రతిపాదిస్తున్నా" అన్నాడు.

చేతులన్నీ లేచాయి. చప్పట్లు కూడా కొట్టారు. ఎందుకు కొట్టరు? ఒక బడి తనంత తానే సహాయం వద్దంటే బోర్డు నెత్తిన పాలు పోసినట్టే. మర్నాడు సైకిలాయన తన పానా తీసుకెళ్లి, తుప్పు పట్టిన బోల్టులు తనే విప్పి, రేకు కింద పడేశాడు. పిల్లలు దాని మీద ఎక్కి గెంతారు. పిట్ట అందరికంటే ఎక్కువ గెంతింది.

రేకు తీసిన నెల తిరక్కుండానే పెద్ద టీచరమ్మ షాపుకొచ్చింది. సైకిలు లేదు, చేతిలో గొడుగు, మొహం మాడిపోయి ఉంది.

"ఏవండీ సభ్యుడు గారూ, ఎంత పని చేశారండీ!" అంది.

"ఏమైంది టీచరమ్మా?"

"అక్షరాల టీచరుని తీసేశారు. సోమవారం నుంచి కొండవైపు బడికట. ఇప్పుడు అట్టడుగున పడింది వాళ్లు కదా, రేకూ వాళ్లదే, టీచరూ వాళ్లదే. మీరే వద్దన్నారట గదా."

"నేను రేకు వద్దన్నాను గానీ టీచరుని వద్దంటానా తల్లీ?"

"రెండూ ఒకటే బాబూ. ఆ జాబితాలో పేరుంటేనే ఆవిడ జీతం. ఒక్క ముక్క నాతో అనకపోయారా? కనీసం ఆ టీ గదిలో ఎవరినైనా అడక్కపోయారా? నా బడికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి కదండీ!"

సైకిలాయన చేతిలో ట్యూబు నీళ్ల తొట్టిలో పడిపోయింది. పెద్ద టీచరమ్మ మంచి మనిషి, అందుకే ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. తిడితే కాస్త నయంగా ఉండేది.

ఆయన తిరగని చోటు లేదు. విద్యాధికారి ఆఫీసు ముందు బెంచీ మీద రోజులు గడిచిపోయాయి. ఆ అధికారి దుర్మార్గుడేం కాదు. నీళ్లిచ్చాడు, కుర్చీ వేశాడు. "చూడండి, జాబితా ఏటేటా పరీక్ష తర్వాతే మారుతుంది. మళ్లీ చివరి మూడింట్లోకి వస్తే మీకే ఇస్తాం. మధ్యలో నేనేం చెయ్యలేను" అన్నాడు. అంటే బాగా చదివినందుకు టీచరు పోయింది, పాడైతే టీచరు వస్తుంది. ఏం ధర్మమండీ ఇది! కాలు విరిగినవాడు కర్రతో నాలుగడుగులు వెయ్యగానే నడక వచ్చేసింది కదా అని కర్ర లాక్కోవడం కాదూ?

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్య ముందు కడుపులోదంతా కక్కేశాడు. "పిల్లలంతా పరీక్ష తగలేస్తే గానీ ఆవిడ తిరిగి రాదటే. అదీ రూలు!" అని అరిచాడు.

"మెల్లగా అనండి. పిల్ల వింటోంది" అందావిడ.

పిల్ల వినేసింది. గుమ్మంలో కూర్చుని చెప్పు తాడు ముడి వేసుకుంటోంది. ఆ మధ్య దానికి మళ్లీ కడుపునొప్పి మొదలైంది. మెట్ల కింద గదిలోకి బకెట్లు తిరిగొచ్చేశాయి. తరగతిలో కొత్త పాఠాలు పరుగులు పెడుతున్నాయి, వేలు పెట్టి నడిచే పిల్లల కోసం ఎవరూ ఆగడం లేదు. వచ్చింది పోలేదు గానీ, ముందుకు పోవడం లేదు. అది వాళ్లందరికీ తెలుస్తూనే ఉంది.

మర్నాడు షాపులో చక్రం ఊగు సరిచేస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"తాతయ్యా, మేం తప్పుగా రాస్తే టీచర్ వచ్చేస్తారా?"

అప్పుడు ఆ చక్రం పక్కన పెట్టి, రెండు భుజాలూ పట్టుకుని, "ఛీ, అలాంటి పిచ్చి పనులు చెయ్యకూడదమ్మా" అనాలి. ఏ తాతైనా అంటాడు. సైకిలాయన అనలేదు. చక్రాన్నే చూస్తూ, "ఏమోనమ్మా. రూలైతే అదే" అన్నాడు. పిట్ట లేచి వెళ్లిపోయింది. ఆయన పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఆయనకు తెలుసు. లోపలెక్కడో, అలా జరిగితే బాగుండునని ఉంది. ఆ సంగతి ఒప్పుకోవాలంటే ఆయనకే సిగ్గు.

పెద్ద పరీక్ష వచ్చింది, పోయింది. మెట్ల కింద గది పిల్లలు కట్టగట్టుకుని తెల్ల కాగితాలిచ్చారు. ఇచ్చేముందు పేర్లు మాత్రం గుండ్రంగా రాశారు. వాళ్లను చూసి వాళ్ల స్నేహితులూ, స్నేహితుల తమ్ముళ్లూ చెల్లెళ్లూ తోచినట్టు తప్పులు రాసి పెట్టారు. బడి చివరి మూడింట్లో పడటం కాదు, అన్నిటికంటే కిందికి, అందరూ ముక్కున వేలేసుకునేంత కిందికి పడిపోయింది. పెద్ద టీచరమ్మ ఆ ఫలితాలు చేతిలో పట్టుకుని ఏడ్చింది. పిల్లలు మాత్రం గేటు దగ్గర నిలబడి, కొండవైపు నుంచి వచ్చే బస్సుల్ని చూస్తున్నారు. గోధుమరంగు స్వెట్టరు ఏ బస్సులోంచీ దిగలేదు.

ఎలా దిగుతుంది? ఆ ఏడు పై ప్రభుత్వం తన వాటా కోసేసింది. బోర్డుకు ఉన్న బడుల్నే నడపడం తలకు మించిన పనైంది, ఇక ప్రత్యేక సహాయం ఎక్కడిది? విద్యాధికారి ఒక ప్రతిపాదన తయారు చేశాడు. పట్టాలకు ఇవతలి బడిని మూసేసి, పిల్లల్ని అవతలి పెద్ద బడిలో కలిపెయ్యాలి. సహాయం చేసినన్నాళ్లూ నిలబడి, ఆపిన ఏడాదికే కూలబడిందంటే ఆ బడి మీద పెట్టిందంతా దండగే కదా అన్నది ఆయన వాదన. ఆ కాగితాలు చూసినవాడెవడైనా అదే అనేవాడు.

ఈసారి సైకిలాయన టీ గదికి అందరికంటే ముందు వెళ్లాడు.

"మా పిల్లలకు చదవడం వచ్చండీ. కావాలని తప్పు రాశారు. టీచరు తిరిగి వస్తుందని ఆశ" అన్నాడు.

కలప వ్యాపారి పగలబడి నవ్వాడు. అవతలి పేట సభ్యుడాయన, నవ్వినా తుమ్మినా గది దద్దరిల్లుతుంది. "పెద్దాయనా, నా కొడుకులు కూడా ప్రతి ఏడూ కావాలనే తప్పేవాళ్లు!" అన్నాడు. అందరూ నవ్వారు.

అధ్యక్షురాలు నవ్వలేదు. ఆవిడ పళ్ల డాక్టరు. ఎవరి నోరైనా తెరిపించి లోపల చూస్తే గానీ ఏ మాటా నమ్మని రకం. "అలా కాదు బాబాయ్ గారూ. నిజమే అయితే ఒక పిల్లని తీసుకురండి. మా అందరి ముందూ చదవమనండి. చదివిందా, ఈ మూసివేత ఆపి, టీచరు సంగతి మళ్లీ మొదటి నుంచీ మాట్లాడదాం. నాది పూచీ" అంది. ఇంతకంటే ఎవరైనా ఏమంటారు? సైకిలాయన ఆవిడకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి పిట్టను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "రేపు నాతో బోర్డుకు వస్తావు. ఏదో కాగితం ఇస్తారు. గడగడా చదివెయ్యి. చదివితే టీచర్ వస్తారు" అన్నాడు.

పిట్ట మొహం చిట్లించింది. "తప్పుగా రాస్తే వస్తారన్నావుగా?"

"అప్పుడలా. ఇప్పుడిలా."

"ఏది నిజం తాతయ్యా?"

"ఇదే నిజమమ్మా. నా మీద ఒట్టు."

"సరే" అంది. కానీ ఆ సరేలో కాస్త అనుమానం ఉంది. పెద్దవాళ్ల రూళ్లు పూటకొకలా మారుతుంటే పిల్లలు దేన్ని పట్టుకుని వేలాడాలి?

మర్నాడు ఉదయం అమ్మమ్మ తలకు నూనె రాసి రెండు జడలు వేసింది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తల్లి నిద్రకళ్లతోనే కూతురి చొక్కాకు గుండీ కుట్టి, "భయపడకే" అని బుగ్గ మీద ముద్దు పెట్టింది. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సైకిలాయన పట్టాలు దాటించాడు. దారంతా పిట్ట కనబడ్డ ప్రతి బోర్డూ చదివింది. "మందుల దుకాణం. ఇక్కడ వాహనాలు నిలపరాదు. అద్దెకు ఇవ్వబడును." ఒక్కటీ తప్పలేదు. సైకిలాయన గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఈల కూడా వేశాడు.

హాలు పెద్దది. గుర్రపు నాడా ఆకారంలో బల్లలు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో ఒక కుర్చీ. పిట్ట ఆ కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు. గోడ వైపు పెద్ద టీచరమ్మ చేతులు ముడుచుకుని నిలబడింది. అధ్యక్షురాలు తన సంచీలోంచి ఒక కరపత్రం తీసింది. తన ఆసుపత్రిలో పిల్లలకు పంచేది, పళ్ల గురించి. "ఇది ఈ పాప ఎప్పుడూ చూసి ఉండదు. బట్టీ పట్టించారని ఎవరూ అనుకోనక్కర్లేదు" అని పిట్ట చేతికిచ్చి, "నిదానంగా చదువు తల్లీ" అంది.

పిట్ట కాగితం ఒళ్లో పరుచుకుంది. వేలు పెట్టింది. నోరు తెరవబోతోంది.

కలప వ్యాపారికి పిల్లలంటే ఇష్టమే. భయం పోగొడదామనే అన్నాడు పాపం. ముందుకు వంగి, మీసాల్లో నవ్వుతూ, "ఏమ్మా, ఇంత చక్కగా చదివేదానివి, నీకింక స్పెషల్ టీచర్ ఎందుకమ్మా?" అన్నాడు.

పిట్ట నోరు మూసేసింది.

ఆయన్ని చూసింది. ఆయన పక్కన తలూపుతున్న అధికారిని చూసింది. తిరిగి తాతయ్యను చూసింది. సైకిలాయన చదువు, చదువు అని తలతో సైగ చేశాడు. పిట్ట కాగితం మీదికి వంగింది. దాని వేలు కదలడం సైకిలాయన ఒక్కడికే కనబడింది. మొదటి అక్షరం కింద మొదలై, ఎక్కడా ఆగకుండా వరస చివరికి వెళ్లి, రెండో వరసకు దిగి, మూడో వరసకు దిగి, అడుగు దాకా నడిచింది. చివర ఒక్క క్షణం ఆగి, మళ్లీ పైకొచ్చింది. అప్పుడు నోరు విప్పింది.

"పా... పు... పె..."



"మళ్లీ ఓసారి చూడమ్మా" అంది అధ్యక్షురాలు.

"గ... గి... తెలీదు."

"చదివేసింది!" సైకిలాయన లేచిపోయాడు. కుర్చీ వెనక్కి పడింది. "మొత్తం చదివేసిందండీ, నేను చూశాను, వేలు అడుగు దాకా వెళ్లింది! కావాలని చేస్తోంది! పిట్టా, చదువమ్మా, నిన్ను బతిమాలుకుంటాను, చదువు!"

"కూర్చోండి బాబాయ్ గారూ" అంది అధ్యక్షురాలు. కోపంగా అనలేదు, జాలిగా అంది. "పసిదాన్ని ఇంకా కష్టపెట్టకండి. అసలు మేం అడగడమే తప్పు."

"దారంతా చదివిందండీ! ప్రతి బోర్డూ చదివింది!"

"రాదు తాతయ్యా" అంది పిట్ట. కళ్లు ఎత్తలేదు. "నాకు చదవడం రాదు."

పెద్ద టీచరమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. కలప వ్యాపారి మొహంలో నవ్వు పోయి, తన గడియారం చూసుకున్నాడు. అధ్యక్షురాలు ప్రతిపాదన చదివింది. చేతులు ఎత్తమంది. సైకిలాయన చెయ్యి తప్ప అన్నీ లేచాయి. బోర్డు చరిత్రలో మొదటిసారి ఏకగ్రీవం తప్పిందని గుమాస్తా రాసుకున్నాడు. దానివల్ల ఆగిందేమీ లేదు. వచ్చే ఏడు బడులు తెరిచేనాటికి పేట పిల్లలంతా పట్టాలు దాటి పెద్ద బడికి వెళ్లాలి. అక్కడ తరగతికి ఇప్పుడున్న పిల్లలకే బల్లలు చాలవు. మెట్ల కింద గది లాంటిది అక్కడెవరూ అనుకోను కూడా అనుకోరు.

సైకిలాయన పిట్ట చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు. సగం మెట్ల మీద పిట్ట ఆయన చొక్కా పట్టుకుని లాగింది, వంగమన్నట్టు. వంగాడు. అది అటూ ఇటూ చూసి, తలుపు దగ్గర ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, ఆయన చెవిలో నోరు పెట్టింది.

"మనం అస్సలు దొరకలేదు కదా తాతయ్యా? నువ్వు కూడా భలే అరిచావు. వాళ్లు నమ్మేశారు."

సైకిలాయన ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.

"ఇంక టీచర్ వచ్చేస్తారుగా? సోమవారమా?" అంది పిట్ట. ఆయన మాట్లాడకపోయేసరికి, తనకు నిజంగానే చదవడం రాలేదని బెంగపడుతున్నాడేమో అనుకుంది. పక్కన కూర్చుని, జడలోంచి జారిన వెంట్రుకలు చెవి వెనక్కి దోపుకుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా మొదలుపెట్టింది.

"పళ్లు మన నేస్తాలు. ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి శుభ్రంగా తోముకోవాలి. తీపి తిన్నాక నోరు పుక్కిలించాలి. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. చిన్న ఇబ్బంది ఉన్నా పెద్దలకు చెప్పాలి." కాస్త ఆగి ఆలోచించింది. "ఇంకా కింద చిన్న అక్షరాలతో ఉంది. పిల్లలకు ఉచితం."